నిండు నిమిషం

మంగోచి జిల్లా ఆసుపత్రి, పాత మందుల గది.
బల్ల మీద రబ్బరు పాపాయి,
మెడకు ప్లాస్టరు పట్టీ, ఒక కన్ను లేదు.
ఎన్ని చేతులు నొక్కి నేర్చుకున్నాయో
రొమ్ము మధ్యన రంగు వెలిసి
చిన్న గుంట పడింది.

సిస్టర్ ఫెలెసిటా మొదటి రోజు పాఠం చెప్పలేదు.
చేతి గడియారం విప్పి మా మధ్య పెట్టి
"ఒక్క నిమిషం ఊరికే కూర్చోండి" అంది.
ఇరవై సెకన్లకే హేస్టింగ్స్ కాళ్లు ఊపాడు.
నలభైకి నేను కిటికీలోంచి చూశాను,
సరస్సు మీద పొగలా లేస్తున్న పురుగుల మబ్బు.
ఎంతకీ అవదే!
"చూశారా, ఇంత పొడుగుంటుంది.
మీరేమో పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తారు.
పిల్లల ఊపిరి ఎక్కాలు చదువుకోలేదు."

ఆ తర్వాత అంతా చేతులతోనే.
గోరు నొక్కి వదిలి, తెల్లబోయిన చోటికి
ఎరుపు ఎప్పుడు తిరిగొస్తుందో కాచుకోవడం,
ముందు ఒకరి గోళ్లు ఒకరివి.
చొక్కా ఎత్తి, పక్కటెముకల కింద చర్మం
లోపలికి పోతోందేమో చూడడం.
"సంచి పిండకండి. మామిడిపండు కాదది."

ఆఖరి కుర్చీలో గేటు కాపలా మనిషి బ్వానలి.
ఖాకీ చొక్కా, ఒళ్లో లాఠీ.
మూడేళ్లు చదివి, ఏడాది వార్డుల్లో తిరిగి వచ్చినవాణ్ణి నేను.
ఇతనెందుకు ఇక్కడ?
ఉండబట్టలేక అడిగేశాను కూడా.
ఫెలెసిటా నవ్వలేదు.
"బిడ్డ లోపలికొచ్చేది ముందు ఎవర్ని దాటుకుని?"

మూడో రోజు వార్డులో. వాన.
వరండా నిండా తడిసిన చితెంజె గుడ్డలు, వీపుల మీద జ్వరాలు,
ఏడుపు ఎటుంటే అటే నా చెవి.
నూనె పడి చెయ్యి కాలిన కుర్రాడు కేకలు పెడుతుంటే
అతని మీదికి వంగి ఉన్నాను.
ఏడ్చే బిడ్డకే పాలు, ఏ దేశంలోనైనా.

అప్పుడు వరస మధ్యలోంచి
లాఠీ గేటు దగ్గరే పారేసి
బ్వానలి వస్తున్నాడు, రెండు చేతుల మీద ఒక మూట,
వెనకే చెప్పుల్లేని తల్లి.
"ఇది ఏడవట్లేదు" అన్నాడు.
"పిలిచాను, చూడలేదు. చేతులు చల్లగా ఉన్నాయి."

అసియాతు. రెండేళ్లు. కాగితంలాంటి అరచెయ్యి.
గోరు నొక్కి వదిలాను.
ఒకటి, రెండు, మూడు, నాలుగు,
ఎరుపు రాలేదు.
ఐదు.
రక్తంలో చక్కెర, యంత్రం చదవలేనంత తక్కువ.
హేస్టింగ్స్‌కి నరం దొరికింది, రెండోసారికి.
గ్లూకోజు ఎవరు అందించారో తెలీదు.
ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది,
ఇంతలో కరెంటు పోయింది,
చీకట్లో సంచి నా చేతికొచ్చింది.
పిండలేదు.
రొమ్ము లేచేంత. వదులు.
రొమ్ము లేచేంత. వదులు.
గోడకానుకుని నిలబడ్డ ఫెలెసిటా
ఒక్కసారి మాత్రం వచ్చి
నా మోచేతిని అంగుళం కిందికి దించి వెళ్లింది.

ఎంతసేపో.
సన్నగా, పిల్లికూన మూలిగినట్టు ముందు,
తర్వాత కోపంగా,
తర్వాత వరండా అంతా తిరిగి చూసేలా
ఏడ్చింది అసియాతు.

ఆ రాత్రే వచ్చిన ఇంకో బిడ్డకీ
అన్నీ ఇలాగే, ఇదే వరసలో చేశాం.
ఏదీ తప్పలేదు.
ఆ పాఠాన్ని ఫెలెసిటా
చివరి రోజుకని అట్టేపెట్టుకుంది,
చెప్పాల్సిన పని లేకపోయింది.

తెల్లారగట్ల బయటికొస్తే వాన వెలిసింది.
గేటు దగ్గర, లాంతరు వెలుగులో బ్వానలి
తన బొటనవేలి గోరు నొక్కి,
వదిలి,
పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు.
నన్ను చూసి సిగ్గుపడ్డాడు.
"నాది బాగానే ఉంది" అన్నాడు,
"మీ చెయ్యి ఇలా ఇవ్వండి."